గుడ్డ అంచున నీ వేళ్ళు

కాశీబుగ్గ,
మార్చి 9, ఆదివారం.

అమ్మకి,

నీ కూతురు ఉషారాణి నమస్కారాలు. ఇక్కడ నేనూ మీ అల్లుడూ బాగున్నాం, ఫోటో దుకాణం బాగుంది, నువ్వు వదిలేసి వెళ్ళిన కరివేపాకు మొక్క కూడా బాగుంది. అక్కడ పోర్టుబ్లెయిర్‌లో అన్నయ్య, వదిన, చిన్నోడు, నువ్వు అందరూ బాగుండాలి. అందరికన్నా ముందు నీ మోకాళ్ళు బాగుండాలి.

మొదటే ఒక మాట. ఈ కవరులో ఇంకో చిన్న కవరు ఉంది. జిగురు పెట్టి గట్టిగా అంటించాను. ఉత్తరం అంతా చదివాకే దాన్ని తెరువు. నువ్వు ఆగవని నాకు తెలుసు. పప్పు ఉడికిందో లేదో అని పదిసార్లు మూత తీసి చూసే మనిషివి. అయినా ఈ ఒక్కసారి నా మాట విను. ముందే తెరిస్తే నేను రాసినదంతా దండగ అయిపోతుంది.

నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు రాస్తాను. తోటలో జీడి పూత ఈ ఏడు బాగానే నిలిచింది, మంచు పడి రోడ్డు పక్క చెట్లకి మాత్రం కొంచెం మాడింది. కొబ్బరి ఇంకా పూర్తిగా కోలుకోలేదు. తుపాను తర్వాత నువ్వు నాటించిన మొక్కల్లో రెండు గెల వేశాయి. మీ అల్లుడు మూలపేట పోర్టు పనికే వెళుతున్నారు. పొద్దుటే తెల్ల చొక్కాతో వెళ్ళి సాయంత్రానికి ఎర్ర చొక్కాతో వస్తారు, అంత దుమ్ము. వేళకి తింటున్నాను. విశేషం ఏమైనా ఉందా అని అడిగావు, ఏమీ లేదు. ఉంటే నీకు చెప్పకుండా ఊరంతా చెబుతానా?

చెవి మిషను మళ్ళీ పెట్టెలో పెట్టేశావని అన్నయ్య చెప్పాడు. చెవిలో పురుగు తిరిగినట్టు ఉంటే మరి డాక్టరుకి చూపించుకోవాలి గానీ పెట్టెలో పెడతారా? మొన్న వీడియోలో చూసినప్పుడు చిక్కిపోయి కనిపించావు. నువ్వేమో "ఏటి? ఏటంటన్నావు?" అని అరుస్తావు. నేనూ అరుస్తాను. పక్క కొట్లో వాళ్ళు మన ఇంట్లో ఏదో గొడవ అనుకుని తొంగి చూస్తారు. మధ్యలో అన్నయ్య నా మాట నీ చెవిలో చెబుతాడా, అందులో సగం వాడి సొంత మాటే. అందుకే ఉత్తరం రాస్తున్నాను. పన్నెండు రోజులు పట్టినా, నీ చేతికి నా మాటే అందుతుంది. పైగా ఇప్పుడు చెప్పబోయేది వాడి నోటి మీదుగా నీకు చేరకూడదు.

నువ్వు వెళ్ళి ఏడాది దాటింది కదా. రోజూ అయిదింటికి జీడి ఫ్యాక్టరీ విడిచిపెట్టగానే ఆడవాళ్ళంతా మన దుకాణం ముందునుంచే వెళతారు. నవ్వుకుంటూ, ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూ, జీడి రసానికి నల్లబడిన వేళ్ళతో కొంగులు సర్దుకుంటూ వెళతారు. నేను వాళ్ళ మొహాలు చూడను, చేతులే చూస్తాను. నువ్వు ఆ గుంపులో లేవని తెలిసే చూస్తాను. ఈ వయసులో ఇదేం పిచ్చి అనకు. నాకు నువ్వు గుర్తొస్తే మొదట నీ వేళ్ళే గుర్తొస్తాయి, సబ్బుతో ఎంత తోమినా పోని ఆ నలుపుతో సహా.

ఇంక అసలు సంగతి. నీ ఉత్తరంలో చివరి నాలుగు ముక్కలు నాకు కంఠతా వచ్చేశాయి. వాటిని ఎన్నిసార్లు చదివానో నాకే తెలీదు.

"గోడకి ఎట్టిన ఫోటో నాకొద్దు. అందులో మీ నాన్న ఎటో సూత్తన్నాడు. ఎన్నిమార్లు ఎదురుగా కూకున్నా నన్ను సూడడు. మా పెళ్ళి ఫోటో తుపాను నీళ్ళకి పోనాది. నాను గుడ్డ అట్టుకున్న ఫోటోలు ఉన్నాయి కదేటి? పైన నా ఏళ్ళు ఉంటాయి, కింద ఆయన నీడ ఉంటాది. అలాటిదొకటి పెద్దది సేసి అంపు. మేమిద్దరం కలిసున్నది అందులోనే."

నువ్వు ఈ ఉత్తరం రాసింది జనవరి నెలాఖరున. నాకు చేరేసరికి ఫిబ్రవరి రెండో వారం. నేను జవాబు రాస్తున్నది మార్చిలో. ఇన్ని రోజులు ఎందుకు ఊరుకున్నానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఫిబ్రవరి మొదట్లో వైద్య శిబిరం వాళ్ళు మన దుకాణానికి వచ్చారు. ఉద్దానం ఊళ్ళలో కిడ్నీ పరీక్షలు చేయించుకున్న వాళ్ళందరికీ వైద్యం కోసం కొత్త కార్డులు ఇస్తారట. ఫోటోలు నాన్న తీసినవే కావాలి. ఎనిమిదేళ్ళు ఊరూరా తిరిగి నాన్న తీసిన ఫోటోలన్నీ మన కంప్యూటర్‌లో ఒకే చోట ఉన్నాయి కదా, నాలుగు వేల రెండు వందల పద్దెనిమిది. వాటిని కార్డు సైజుకి కత్తిరించి, వెనక తెల్లగా చేసి, బరువు తగ్గించి, పేర్లు మార్చకుండా నాలుగు రోజుల్లో ఇమ్మన్నారు. ఫోటో అందని వాళ్ళ పేరు తర్వాతి జాబితాకి పోతుందన్నారు. తర్వాతి జాబితా ఎప్పుడండీ అంటే వాళ్ళలో పెద్దాయన గోడ గడియారం వైపు చూశాడు. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్ళే వాళ్ళు తర్వాతి జాబితా దాకా ఎలా ఆగుతారు? సరే అన్నాను.

మొదటి రోజు ఒక్కొక్కటే తెరిచి కత్తిరించాను. సాయంత్రానికి నూట తొంభై అయ్యాయి. మణికట్టు వాచింది. పక్కన జిరాక్సు కొట్టు పెట్టుకున్న మాధవీలత టీ తెచ్చి, నా వాలకం చూసి తిట్టింది.

"ఒకటొకటే కోసుకుంటా కూకుంటే నీ ఏళ్ళు అరిగిపోతాయి గానీ పని అవ్వదు ఉషా. దానికి ఏటేటి సెయ్యాలో రాసి ఒగ్గీ. అదే సేసుకుంటాది. నువ్వు ఎళ్ళి కూర వండుకో."

అలా రాయొచ్చట అమ్మా. ఫోటోలు దిద్దే సాఫ్టువేరుకి మనం చేసే పనులన్నీ వరసగా కాగితం మీద రాసినట్టు రాసి ఇస్తే, దాన్ని స్క్రిప్టు అంటారు, అది పెట్టెలో ఉన్న ఫోటోలన్నింటికీ అదే పని చేసుకుపోతుంది. ఫ్యాక్టరీలో ఒక మిషను పెడితే గింజ తర్వాత గింజ దానంతటదే పగిలినట్టు. వీడియోలు చూసి రెండు పూటలు కూర్చుని నేర్చుకున్నాను. నీ కూతురు పదో తరగతి లెక్కల్లో ఎన్ని మార్కులు తెచ్చుకుందో నీకు తెలుసు, అయినా రాసింది. అందులో ఏముందంటే, ఫోటో తెరువు. ఎడమ నుంచి ఇంత, కుడి నుంచి ఇంత, పై నుంచి ఇంత, కింద నుంచి ఇంత కోసెయ్యి. వెనక గుడ్డకున్న నీలం తీసేసి తెల్లగా చెయ్యి. బరువు తగ్గించు. అదే పేరుతో అదే చోట దాచు. తర్వాతిది తెరువు.

నాలుగు వేల ఫోటోలకీ ఒకే కొలత ఎలా సరిపోతుంది అని నువ్వు అడగవు, ఎందుకంటే నీకు తెలుసు. నాన్న పీచుతాడు. స్టూలు కాలి నుంచి కెమెరా స్టాండు కాలి దాకా ఆ తాడు పరిచి, ముడి దగ్గర స్టాండు నిలబెట్టేవాడు. మనిషి పొడుగైతే కెమెరా ఎత్తేవాడు, పొట్టి అయితే దించేవాడు గానీ తాడు మాత్రం మారేది కాదు. ఎవరి తల అయినా ఫోటోలో ఒకే చోట ఉండేది. పెళ్ళిళ్ళ ఫోటోలు తీసేవాళ్ళు నవ్వేవారు, ఈయన మనుషులకి కంచె కొలుస్తున్నాడు అని. ఆ తాడు ఉండబట్టే నా స్క్రిప్టు పని చేసింది. ఆయన కొలిచి పెట్టినదాన్నే నేను కోశాను.

వెనక గుడ్డ నీలం అన్నాను కదా, అది నువ్వు పెట్టిన నీలిమందే. తెల్లగుడ్డని ప్రతి శిబిరానికీ ముందురోజు ఉతికి, నీలిమందులో ముంచి, గంజి పెట్టి ఆరేసేదానివి. ఫ్యాక్టరీకి సెలవు పెట్టి నాన్న స్కూటరు వెనక కూర్చుని, ఆ గుడ్డ ఒళ్ళో పెట్టుకుని బయలుదేరేదానివి. ఊరికి చేరేసరికి ఏడు. పొద్దుటి ఎండ మొహాల మీద పడేలా స్టూలు వేసి, గుడ్డ ఒక కొన ఏ కొబ్బరి చెట్టుకో కట్టి, రెండో కొన నువ్వు పట్టుకునేదానివి. గాలొస్తే గుడ్డ నిన్ను లాగేసేది. "గట్టిగా అట్టుకో రత్నం, నువ్వే ఎగిరిపోయేలాగున్నావు" అని నాన్న నవ్వేవాడు. ఎండ ఆయన వీపు వెనక ఉండేది కాబట్టి ఆయన నీడ పొడుగ్గా పాకి స్టూలు మీద కూర్చున్నవాళ్ళ ఒళ్ళోకి వచ్చేది. పైన గుడ్డ అంచున నీ నల్లటి వేళ్ళు, ఆకుపచ్చ గాజులు. కింద ఆయన తల, భుజాలు. మధ్యలో ఎవరో ఒకరు. ప్రతి ఫోటో అంతే.

కార్డుకి ఇచ్చేటప్పుడు నాన్న అవి కత్తిరించే ఇచ్చేవాడు. అసలు ఫోటో మాత్రం ముట్టుకునేవాడు కాదు. కత్తిరించినది వేరే చోట దాచేవాడు.

నేను రాసింది ఏమిటో మళ్ళీ చదువు అమ్మా. అదే పేరుతో అదే చోట దాచు.

పది ఫోటోలు పక్కన పెట్టి ముందు పరీక్ష చేశాను. అద్భుతంగా వచ్చాయి. పేర్లు మారకూడదు అన్నారు కదా అన్న ధ్యాసే గానీ, పాతదాని మీదే కొత్తది పడుతుందన్న ధ్యాస లేదు. శుక్రవారం పన్నెండింటికి మీట నొక్కి, ఇంటికి వెళ్ళి చారన్నం తిని, ఒక కునుకు తీసి, దర్జాగా తిరిగొచ్చాను. అప్పటికే అయిపోయింది. నల్లటి తెర మీద తెల్లటి వరసలు, మధ్యమధ్యన ఎర్ర వరసలు. చివర లెక్క చూపించింది. నాలుగు వేల నూట యాభై అయిదు అయ్యాయి, అరవై మూడు కాలేదు. ఆ అరవై మూడింటినీ తిట్టుకున్నాను.

"అరవై మూడే కదేటి, దిట్టి పోనాదనుకో" అంది మాధవీలత.

శిబిరం వాళ్ళకి ఇచ్చేశాను. రెండు రోజుల తర్వాత ఫోను చేసి అన్నీ అందాయి, ఒక్కటీ తక్కువ లేదు అన్నారు. అరవై మూడు నేను ఇవ్వలేదే, తక్కువ లేకపోవడం ఏమిటి అని ఒక్క క్షణం అనుకున్నాను. తలనొప్పి తప్పింది కదా అని ఊరుకున్నాను. అప్పుడైనా అడగాల్సింది.

తర్వాతి వారం నీ ఉత్తరం వచ్చింది. చదివి, ఓస్ ఇంతేనా, నాలుగు వేలున్నాయి, మంచిది ఏరి పంపుదాం అని కంప్యూటర్ తెరిచాను.

అమ్మా, నేను చేసిన పని నీకు దాచలేను. ఆ ఫోటోల్లో నువ్వు లేవు. నాన్న లేడు. ఒకటి తెరిచాను, ఇంకోటి తెరిచాను, యాభై తెరిచాను, అయిదు వందలు తెరిచాను. ఒక్కదాంట్లోనైనా నీ గోరు మిగిలిందేమోనని ఎడమ అంచు పెద్దది చేసి చేసి చూశాను. ఎంత కచ్చితంగా కోశానంటే గోరు కూడా మిగల్లేదు. నీలిమందు రంగు కూడా పోయి, అందరి వెనకా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. మీరిద్దరూ ఎండలో నిలబడి తీసిన నాలుగు వేల ఫోటోల్లోంచి మిమ్మల్ని నా చేత్తో నేనే తీసేశాను. అన్నం తింటూ ఉండగా తీసేశాను.

డిస్కు పట్టుకుని టెక్కలిలో ఒకాయన దగ్గరికి వెళ్ళాను. తర్వాత విశాఖలో ఇంకొకాయన దగ్గరికి వెళ్ళాను. పాతదాని మీద కొత్తది రాసేశాక ఎవరి వల్లా కాదన్నారు. కెమెరా కార్డులు నాన్న ఎప్పటికప్పుడు తుడిచేసేవాడు. విశాఖ నుంచి వచ్చేటప్పుడు రైల్లో ఏడుస్తూనే వచ్చాను. ఎదురుగా కూర్చున్న ముసలావిడ ఎవరైనా పోయారా అని అడిగింది. అవునండీ, మా నాన్న పోయాడు అన్నాను. ఏడాదిన్నర కిందట పోయిన మనిషి గురించి ఆ రోజే పోయినట్టు చెప్పాను. అబద్ధం చెప్పాననిపించలేదు.

మీ అల్లుడు, ఫోటోలు పాడైపోయాయని రాసెయ్యి, అత్తమ్మ ఏమీ అనరు అన్నారు. నువ్వేమీ అనవని నాకూ తెలుసు. నువ్వు "పోనీలే" అంటావు. ఆ మాట వినలేకే రాయలేదు. రోజూ కాగితం తీసి "అమ్మకి" అని రాసి పక్కన పెట్టేదాన్ని.

గురువారం నాడు సన్యాసమ్మ దుకాణానికి వచ్చింది. నీకు గుర్తుందా, మీరు శిబిరానికి వెళ్ళిన ప్రతిసారీ మజ్జిగ ఇచ్చే అసిరమ్మ కోడలు. అసిరమ్మ పోయి రెండేళ్ళవుతోంది, ఇన్నాళ్ళకి గోడకి ఫోటో పెట్టుకుంటారట.

"మీ దగ్గిర మా అత్త ఫోటో ఉన్నాది కదమ్మా. పెద్దది సేసి ఇయ్యి" అంది.

కార్డు సైజుకి కోసేసిన బిళ్ళంత ఫోటోని గోడకి సరిపడా పెద్దది చేస్తే మొహం మసక మసకగా వస్తుంది. "చిన్నదే ఉంది సన్యాసమ్మా, పెద్దది బాగా రాదు" అన్నాను, తల ఎత్తకుండా.

"అలగనకమ్మా. మా అత్త పోనప్పుడు మీ నాన్న మా ఇంటికొచ్చినాడు. ఆ ఫోటోకి నాను తాళం ఏసినాను, నువ్వు ఎప్పుడొచ్చినా ఉంటాది అని సెప్పినాడు. సూడు ఒకపాలి."

ఆవిడ తృప్తి కోసం వెతికి తెరిచాను.

అసిరమ్మ మొత్తం ఉంది అమ్మా. స్టూలు, మోకాళ్ళు, ఆ చేతిలో నలిపి పట్టుకున్న కొంగు, అన్నీ ఉన్నాయి. ఒళ్ళో నాన్న నీడ. పైన ఎడమవైపు నీలిగుడ్డ మడతలో నాలుగు నల్లటి వేళ్ళు, రెండు ఆకుపచ్చ గాజులు. నేను లేచి నిలబడిపోయాను. సన్యాసమ్మ వాళ్ళత్తని చూసి ఏడుస్తోంది, నేను మా అమ్మ వేళ్ళు చూసి ఏడుస్తున్నాను. మాధవీలత పరిగెత్తుకొచ్చి ఎవర్ని ఓదార్చాలో తెలియక ఇద్దరికీ నీళ్ళు ఇచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు తాళం సంగతి. ఏ ఊర్లోనైనా తాను ఫోటో తీసిన మనిషి పోయారని తెలిస్తే, నాన్న దుకాణానికి వచ్చి చెప్పులైనా విప్పకుండా కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. ఆ ఫోటో వెతికి పట్టుకుని, ఎవరూ మార్చడానికి, చెరపడానికి వీల్లేకుండా దానికి ఒక గుర్తు పెట్టేవాడు. "తాళం ఏసినానమ్మా. రేపోమాపో ఆళ్ళు గోడకి ఫోటో కావాలని ఒత్తారు. పోన మనిషిని మళ్ళీ స్టూలు మీద కూకోబెట్టలేం కదా" అనేవాడు. నేను ఫోను చూసుకుంటూ ఊఁ కొట్టేదాన్ని.

నా స్క్రిప్టు ఆ తాళాలు తియ్యలేకపోయింది. ఎర్ర వరసలు అవే. శిబిరం వాళ్ళకి ఒక్కటీ తక్కువ పడకపోవడానికి కారణం కూడా అదే. పోయినవాళ్ళకి కార్డులు అక్కర్లేదు.

సన్యాసమ్మ వెళ్ళాక దుకాణం తలుపు సగం దించి ఆ ఎర్ర వరసలు మొదటిసారి చదివాను. అరవై మూడు పేర్లు. చదువుతుంటే ఒక్కొక్క ఇల్లూ గుర్తొచ్చింది, ఒక్కొక్క అరుగూ గుర్తొచ్చింది. వాళ్ళలో ఒక్కరు కూడా ఇప్పుడు బతికి లేరు. ప్రతి ఒక్కరి కోసం నాన్న చెప్పులు విప్పకుండా కూర్చుని ఉంటాడు. ప్రతి ఒక్కరి ఫోటోలోనూ మీరిద్దరూ ఉన్నారు. నేను తిట్టుకున్న అరవై మూడింట్లోనే మీరు మిగిలారు అమ్మా.

అరవై రెండు పేర్లు చదివాను. అరవై మూడో పేరు కూర్మనాథం.

మన కూర్మనాథమే. నాన్నే.

ఆ కిడ్నీ జబ్బు నాన్నకే వచ్చి, ఆయనకే కార్డు కావలసి వచ్చిన రోజు నీకు గుర్తుందా? ఇంకో స్టూడియోకి వెళదామంటే ఎంత కోపం వచ్చిందో. "నాను ఇంకోడి స్టూలు మీద కూకోవాలా?" అన్నాడు. పొద్దుటే మన తోటలో స్టూలు వేయించాడు. తాడు పరిచాడు. కెమెరా స్టాండు మీద పెట్టి అన్నీ తనే సరిచేశాడు. గుడ్డ నాకు ఇచ్చి, మీట నీకు ఇచ్చాడు. అప్పటికే ఆయన చేతులు వాచి ఉన్నాయి. నువ్వు స్టాండు పక్కన నిలబడి చెయ్యి చాచి, మీట మీద వేలు పెట్టి, నొక్కకుండా అలాగే ఉండిపోయావు.

"నొక్కీ రత్నం."

"సెయ్యి వణుకుతన్నాది. నువ్వు నాకు రెండుగా అవుపిత్తన్నావు."

"రెండింట్లో ఏది బాగుంటే దాన్నే తీసీ."

నువ్వు నవ్వావు. అప్పుడు నొక్కావు. నేను గుడ్డ వెనక నిలబడి కళ్ళు మూసుకుని ఉన్నాను, ఆయన్ని ఆ స్టూలు మీద చూడలేక. అందుకే ఆ ఫోటో ఎలా వచ్చిందో నాకు తెలీదు. ఆయన ఆ రోజే కార్డు కోసం మొహం వరకు కత్తిరించి ఇచ్చేశాడు. పోయినప్పుడు అన్నయ్య తొందరలో ఆ కార్డు మీది మొహాన్నే టెక్కలిలో పెద్దది చేయించాడు. నువ్వు పోర్టుబ్లెయిర్‌కి పట్టుకెళ్ళింది, ఎటో చూస్తున్నాడని నువ్వు అలిగింది, ఆ మొహం మీదే. అసలు ఫోటో నేను మొన్న గురువారమే మొదటిసారి చూశాను.

దానికి తాళం ఎవరు వేశారు అమ్మా? ఆయన పోయాక ఈ దుకాణంలో ఎవరూ ఎవరికీ తాళం వెయ్యలేదు. నాకు ఆ పనే గుర్తు లేదు. పోయినవాళ్ళకి తప్ప వెయ్యని తాళాన్ని తనకి తనే, ఈ కుర్చీలోనే కూర్చుని, ముందుగానే వేసుకున్నాడు. మనకి ఒక్క మాట కూడా చెప్పలేదు. రేపోమాపో మనం వస్తామని, గోడకి ఫోటో కావాలని అడుగుతామని అనుకున్నాడేమో. మనం రాలేదు. నేను వచ్చేసరికి కత్తెర పట్టుకుని వచ్చాను. ఆ తాళమే ఆయన్ని నా చేతి నుంచి కాపాడింది.

అందరి తాళాలూ అలాగే ఉన్నాయి, నేను ముట్టుకోలేదు. కాపీలు మాత్రం మూడు చోట్ల తీసి పెట్టాను, ఒకటి మాధవీలత కొట్లో ఉంది. నీ వేళ్ళూ ఆయన నీడా కలిసున్నవి అరవై రెండు. అవి నీకు పంపను. కావాలంటే తిట్టుకో. వచ్చి చూసుకో. అన్నయ్యతో ఈ మాట నేనే చెబుతాను, వేసవి సెలవులకి ఓడెక్కి రా. ఇప్పుడు నేను ఊళ్ళకి వెళ్ళినప్పుడు గుడ్డ రెండు కొనలూ చెట్లకే కడుతున్నాను. గాలొస్తే మధ్యలో జారిపోతోంది. ముడి ఎంత గట్టిగా వేసినా, మనిషి పట్టుకున్నట్టు ఉండదు. నువ్వు వస్తే బాగుండును అమ్మా. పని కోసం కాదు. ఫోటో తీస్తూ తల ఎత్తితే గుడ్డ పక్కన నువ్వు కనిపించాలి, అంతే.

అరవై మూడోది మాత్రం పంపుతున్నాను. చిన్న కవరులో ఉన్నది అదే. ఏమీ కత్తిరించలేదు. నీలం కూడా తియ్యలేదు. గుడ్డ అంచున ఉన్న వేళ్ళు ఈసారి నావి, గోళ్ళకి రంగు చూసి కోప్పడకు. అంటే మనం ముగ్గురం ఒకే ఫోటోలో ఉన్నాం. ఆయన ఎటో చూస్తున్నాడు అన్నావు కదా. నిజమే, కెమెరా వైపు చూడలేదు. జీవితమంతా అందరినీ "ఇటు సూడండి, ఇటు సూడండి" అన్న మనిషి, తన వంతు వచ్చినప్పుడు చూడలేదు. ఫోటో చేతిలోకి తీసుకున్నాక ముందు ఆయన మొహం చూడకు. కింద చూడు. మోకాళ్ళ మీద రెండు నీడలు ఉంటాయి. సన్నగా మూడు కాళ్ళతో ఉన్నది స్టాండు. దాని పక్కన చెయ్యి చాచి నిలబడిన నీడ నీది. ఆ నీడ ఎటునుంచి వచ్చిందో అటే వేలు జరుపుకుంటూ వెళ్ళి, అప్పుడు ఆయన కళ్ళు చూడు. నిన్ను తప్ప ఇంకెటూ చూడటం లేదమ్మా.

ఇప్పుడు ఆ చిన్న కవరు తెరువు.

ఇట్లు,
గుడ్డ కొన నీకోసం వదిలి ఉంచిన
నీ కూతురు,
ఉషారాణి